గుంపు ఎప్పుడు సభ అవుతుంది?



తనిఖీకి బయలుదేరినప్పుడు నా చేతిసంచిలో రెండు వస్తువులు తప్పకుండా ఉంటాయి. ఒకటి తనిఖీ నోటుపుస్తకం, రెండవది కెమేరా. మొదటిది ఉద్యోగధర్మం, రెండవది చిన్ననాటి సరదా. మా మేనమామగారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అనే చిన్న కెమేరా ఉండేది. రీలుకు 12 బొమ్మలే వచ్చేవి. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతకుమించి అందులో పెద్ద సర్దుబాట్లు లేవు. మామయ్య దానిని నా చేతికి ఇచ్చేముందు ఒక షరతు పెట్టేవారు. "ఏం తీస్తున్నావో ముందు నోటితో చెప్పు, ఆ తర్వాత నొక్కు" అనేవారు. రీలు ఖరీదును దృష్టిలో పెట్టుకుని అన్న మాట అది. అందులో ఖర్చుకు మించిన సంగతి ఉన్నదని నాకు చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ సెల్‌ఫోన్ ఉన్నది. రోజుకు వంద ఫొటోలు తీసినా పైసా ఖర్చు లేదు. ఏం తీస్తున్నామో చెప్పుకునే అలవాటు మాత్రం పోయింది.

ఇటీవల పాత ఫొటోలు సర్దుతూ, జనం కూడి ఉన్న బొమ్మలన్నీ మంచం మీద ఒకచోట పరిచాను. సంత, జాతర, పెళ్ళిపందిరి, బడిలో ఉదయపు ప్రార్థన, రచ్చబండ, పాలకేంద్రం ముందు వరుస, మహాజన సభ ఉన్నాయి. వెనుక రాసి ఉండకపోతే కొన్నిటిని ఏది ఏదో నేనే చెప్పలేకపోయేవాణ్ణి. అన్నిటిలోనూ మనుషులే, అన్నిటిలోనూ తలకాయలే. కాని అన్నీ ఒక్కటి కావు. ఆ తేడా గమనించక ఒకప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. దాని మూలంగా ఒక సంఘం సభ్యుల బోనస్ ఇరకాటంలో పడింది. ఆ సంగతి సభ్యులకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను. ముందు మాటల సంగతి చూద్దాం.

మన భాషలో కూడిక

మనుషులు ఒకచోట చేరడానికి మనకు ఉన్న మాటలు ఒకటా రెండా? గుంపు, మూక, జట్టు, కూటమి, సంత, జాతర, రచ్చ, పరిషత్తు, సమితి, సంఘం, సమావేశం, సభ. ప్రతి మాటకూ ఒక ప్రత్యేకమైన రుచి ఉన్నది. పశువులు చేరితే మంద అంటాము. నాలుగు దారులు చేరితే కూడలి. లెక్కలు చేరితే కూడిక. విడివిడి కాగితాలను వరుసగా పేర్చితే కూర్పు. మన కేంద్రంలో ఉదయం, సాయంత్రం పాలు చేరితే అది సేకరణ.

సంస్కృతం నుండి వచ్చిన మాటలను విడదీసి చూస్తే మరికొంత తెలుస్తుంది. సమితి అంటే కలిసి రావడం. సమావేశం అంటే కలిసి లోపలికి ప్రవేశించడం. పరిషత్తు అంటే చుట్టూ కూర్చోవడం. సభ అనే మాటకు కూడిన జనం అనీ అర్థం ఉన్నది, వారు కూడే మందిరం అనీ అర్థం ఉన్నది. భారతంలోని మయసభ ఒక కట్టడమే కదా. ఆ సభ నుండి పుట్టినదే సభ్యుడు అనే మాట. సభ్యుడు అంటే సభకు తగినవాడు. సభ్యత అనే మాటా ఆ కుటుంబంలోనిదే. పాస్‌బుక్కు మీద "సభ్యుని పేరు" అని అచ్చువేసి ఉంటుంది. దాని అర్థం పాలు పోసే మనిషి అని మాత్రమే కాదు, సభలో కూర్చుని మాట్లాడదగిన మనిషి అని. ఈ సంగతి మనం తరచు మరచిపోతున్నాము.

ఇంగ్లీషు నుండి వచ్చిన అసెంబ్లీ అనే మాటకూ మన ఊళ్ళలో మూడు అర్థాలు వాడుకలో ఉన్నాయి. పెద్దలకు అసెంబ్లీ అంటే శాసనసభ. పిల్లలకు అసెంబ్లీ అంటే బడిలో మొదటి గంట కొట్టాక జరిగే ప్రార్థన. మెకానిక్కుకు అసెంబ్లీ అంటే విడిభాగాలను బిగించి యంత్రం తయారుచేయడం. పాలు పితికే యంత్రం ఉన్నవారికి మూడవ అర్థం బాగా తెలుస్తుంది. నాలుగు కప్పులు, రబ్బరు గొట్టాలు, మూత అన్నీ బుట్టలో వేసి పశువు దగ్గర పెడితే చుక్క పాలు రావు. దేని చోటులో దానిని బిగిస్తేనే యంత్రం పని చేస్తుంది. సామాను అంతా అదే, బుట్టలో ఉన్నప్పుడు అది పోగు, బిగించాక యంత్రం. మనుషుల విషయంలోనూ ఇదే సూత్రం. జనం పోగైనంత మాత్రాన సభ కాదు.

మన రాజ్యాంగం కూడా ఈ తేడాను పాటించింది. 19వ అధికరణంలో ఆయుధాలు లేకుండా శాంతియుతంగా కూడే హక్కు ఒక ఉపఖండంలో ఉన్నది. సంఘాలు ఏర్పరచుకునే హక్కు దాని తర్వాతి ఉపఖండంలో వేరుగా ఉన్నది. 2012లో అమలులోకి వచ్చిన 97వ సవరణ ద్వారా ఈ రెండవదానిలోనే "సహకార సంఘాలు" అనే మాట చేరింది. కూడడం ఒక హక్కు, కూడి ఒక సంస్థగా నిలబడడం మరొక హక్కు. ఇక చట్టవిరుద్ధంగా గుమికూడడం సంగతి వేరే చట్టంలో ఉన్నది. ఐదుగురు లేక అంతకు ఎక్కువ మంది నేరపూరితమైన ఉమ్మడి ఉద్దేశంతో చేరితే అది నేరం. పూర్వం శిక్షాస్మృతిలో ఇది 141వ సెక్షన్. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 189వ సెక్షన్. ఆ ఐదుగురినీ ఫొటో తీస్తే చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటున్న పెద్దమనుషుల్లాగే కనిపించవచ్చు. ఉద్దేశం ఫొటోలో పడదు.

కేంద్రంలో మనకు తెలిసిన పాఠం

పాలు క్యానులో కలిసిన తర్వాత ఏ పాలు ఎవరివో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందువల్ల మనం ఏమి చేస్తాము? కలవకముందే కొలుస్తాము. కలవకముందే శాంపిల్ తీస్తాము. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి ఆ పూటే పుస్తకంలో రాస్తాము. ఆ ఒక్క వరుస రాత లేకపోతే లీటరుకు ఎంత రావాలో తేలదు, చిక్కటి పాలు పోసినవారికీ నీళ్ళ పాలు పోసినవారికీ ఒకే ధర వస్తుంది. క్యానులో పాలు కలిసినా సభ్యుని హక్కు కలిసిపోకుండా కాపాడేది ఆ రాతే.

మనుషుల విషయంలో మాత్రం మనం అంత జాగ్రత్త పడడం లేదు. పాలను ఏడాదికి 700 పూటలకు పైగా కొలిచి రాసుకునే సంఘమే, ఏడాదికి ఒక్కసారి జరిగే మహాజన సభలో సంతకాలు సరిగా పెట్టించలేకపోతున్నది. గుంపులో గోవింద అన్నట్టు చివరలో ఎవరో "అందరికీ సమ్మతమేనా?" అంటారు, ముందు వరుసలో నలుగురు తల ఊపుతారు, తీర్మానం ఏకగ్రీవం అయిపోతుంది. మినిట్స్ పుస్తకం తర్వాత తీరికగా రాస్తారు. అక్కడ శాంపిల్ లేదు, కొలత లేదు.

కొన్ని పాత బొమ్మలు

సహకార కార్యాలయాల గోడల మీద ఒక పాత ఫొటో ఉండేది. ఇంగ్లాండులోని రోచ్‌డేల్ పట్టణంలో 1844లో సహకార దుకాణం పెట్టిన మార్గదర్శకుల ఫొటో అది. డిప్లొమా శిక్షణ రోజుల్లో మేమందరం దానిని చూసినవాళ్ళమే. 1865 ప్రాంతంలో తీసిన ఆ బొమ్మలో 13 మంది ఉంటారు. ఆ రోజుల్లో ఫొటో పడడానికి కొన్ని సెకండ్ల కాలం పట్టేది. కదిలితే ముఖం అలుక్కుపోతుంది. అందుకే అందరూ బిగుసుకుని ఉన్నట్టు కనిపిస్తారు. కాని సంఘం పెట్టినవారు 28 మంది అని చరిత్ర చెబుతుంది. తక్కినవారు ఫొటోలో లేరు, పుస్తకంలో ఉన్నారు. 1846లో ఆ సంఘంలో వాటా కొని సభ్యురాలైన మహిళ ఇలైజా బ్రయర్లీ కూడా ఆ ఫొటోలో లేరు. ఇంగ్లాండులో ఆడవారికి పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేని కాలంలో ఆమె సహకార సంఘంలో సభ్యురాలు. ఫొటో చూసి లెక్కవేస్తే ఆమె లేదు. సభ్యుల జాబితా చూస్తే ఉన్నది.

మన పాడి ఉద్యమానికి మూలమైన సమావేశం 1946 జనవరి 4న గుజరాత్‌లోని ఖేడా జిల్లా సమర్ఖా గ్రామంలో జరిగింది. మొరార్జీ దేశాయ్‌గారు దానికి అధ్యక్షులు. పాలకు తగిన ధర రాక కడుపుమండిన రైతులు అక్కడ చేరారు. కోపం కొద్దీ చేరిన జనం ఎంతో మంది ఉంటారు, అరచి ఇంటికి పోతారు. సమర్ఖాలో చేరినవారు మాత్రం ఒక తీర్మానం చేసుకున్నారు. ఊరూరా పాల సంఘం పెట్టాలనీ, అవి కలిసి ఒక యూనియన్‌గా ఏర్పడాలనీ, ప్రభుత్వం ఆ యూనియన్ పాలు కొనకపోతే ఎవరికీ చుక్క పాలు పోయరాదనీ అనుకున్నారు. 15 రోజులు పాలు పోయకుండా నిలబడ్డారు. అదే సంవత్సరం డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ రిజిస్టరు అయింది. గుంపును సభ చేసినది ఆ తీర్మానం, దానికి కట్టుబడి ఉండడం.

మరొక బొమ్మ గురించి చెప్పాలి. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరుపొందిన హోమై వ్యారావాలాగారు 1947 జూన్‌లో దేశ విభజన ప్రణాళికపై కాంగ్రెస్ నాయకులు చేతులెత్తి ఓటు వేస్తున్న ఘట్టాన్ని ఫొటో తీశారు. నాయకులు వేదిక మీద కూర్చున్న ఫొటోలు వేలకు వేలు ఉన్నాయి. ఈ ఫొటోకు విలువ ఎందుకంటే, అందులో నిర్ణయం జరుగుతున్నది. ఎత్తిన చేతులు కనిపిస్తున్నాయి. కూడిన జనాన్ని కాక, కూడి చేస్తున్న పనిని ఆమె పట్టుకున్నారు. ఏం తీస్తున్నారో ఆమెకు తెలుసు.

నా పొరపాటు

ఇక నా సంగతి. ఇది దాదాపు పదిహేనేళ్ళ క్రిందటి మాట. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ అవసరం లేదు. తనిఖీకి వెళ్ళిన రోజు ఆ ఊళ్ళో మహాజన సభ అన్నారు. నేను లెక్కలు చూసుకుని బయటికి వచ్చేసరికి పంచాయతీ ఆఫీసు ముందు రావిచెట్టు కింద జనం కిటకిటలాడుతున్నారు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతున్నది. ముందు వరుసలో ఒక పెద్దావిడ చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నది. వెనుక పిల్లలు, తలపాగాలు, పాల క్యానులు. ఫొటో సరదా ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? బడి అరుగు ఎక్కి తీశాను. రెండు కాపీలు వేయించి, ఒకటి సంఘం కార్యదర్శికి ఇచ్చాను. దాని వెనుక నా చేత్తో నేనే "మహాజన సభ, ఏకగ్రీవ తీర్మానం" అని తేదీ వేసి రాశాను.

ఆ ఏటి బోనస్ సభ్యులకు పంచకుండా మొత్తం భవన నిధికి జమచేయాలని ఆ తీర్మానం. హాజరు 112 మంది అని మినిట్స్‌లో ఉన్నది. ఏడాది తిరిగేసరికి ఫిర్యాదు వచ్చింది. అసలు ఓటు జరగలేదనీ, ఆ సాయంత్రం తాము వచ్చింది దాణా మిశ్రమం పొట్లాలు పంచుతారని తెలిసి మాత్రమేననీ కొందరు సభ్యులు రాశారు. విచారణకు మరొక అధికారిని వేశారు. సంఘం తరఫున ఆయన ముందు పెట్టిన మొదటి రుజువు ఏమిటో ఊహించగలరు. నా ఫొటో, దాని వెనుక నా దస్తూరి.

నన్ను పిలిచి "ఇది మీరు రాసిందేనా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే హాజరు లెక్క మీరే తేల్చండి" అని భూతద్దం చేతికిచ్చారు. సభ్యుల రిజిస్టరు, ఊరి పెద్దలు ఇద్దరు పక్కన ఉండగా ఒక్కొక్క ముఖం మీద పెన్సిలుతో చుక్క పెడుతూ లెక్కించాము. మొత్తం 94 తలలు. అందులో పిల్లలు 17. బస్సు కోసం నిలబడిన పొరుగూరివారు 8. సభ్యుల కొడుకులే గాని స్వయంగా సభ్యులు కానివారు 12. ఆడవారు 26 మంది ఉండగా, వారిలో రిజిస్టరులో పేరున్నది నలుగురికే. అన్నీ తీసివేయగా మిగిలిన సభ్యులు 35. ఆ సంఘంలో అప్పటి సభ్యులు 186. వారి బైలా ప్రకారం నాలుగవ వంతు, అంటే 47 మంది ఉంటేగాని కోరం కాదు.

నా ఫొటోలో అబద్ధం లేదు. అబద్ధం దాని వెనుక నేను రాసిన రెండు ముక్కలలో ఉన్నది. ఆ సాయంత్రం నేను తీసింది పొట్లాల కోసం ఎదురుచూసే జనాన్ని. మామయ్య చెప్పినట్టు నొక్కేముందు నోటితో అనుకుని ఉంటే నాకే అనుమానం వచ్చి ఉండేది. అధ్యక్షుడు ఎక్కడ? పుస్తకం ఎక్కడ? నా రాత పొరపాటని విచారణాధికారికి కాగితం మీద రాసి ఇచ్చాను. సర్వీసులో నేను రాసిన కాగితాలలో అది కష్టమైనది.

ముందు వరుసలో చెయ్యి ఎత్తిన పెద్దావిడను కూడా పిలిపించారు. "అమ్మా, తీర్మానానికే కదా నువ్వు చెయ్యి ఎత్తింది?" అని అడిగాను. ఆవిడ ఫొటో కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వింది. "తీర్మానమా పాడా బాబుగారూ, ఎండ కళ్ళల్లో పడతంటే అడ్డం పెట్టుకున్నా" అన్నది. తర్వాత నవ్వు మానేసి, "అయినా నా చెయ్యి మీ లెక్కలోకి రాదటగా? పాస్‌బుక్కు మా ఇంటాయన పేరునుంది. ఆయన పోయి రెండేళ్ళయింది. పాలు పిండేది నేను, పోసేది నేను. ఫొటోలో ఉన్నాను, పుస్తకంలో లేను" అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళపాటు చనిపోయిన మనిషి పేరున పాలు జమ అవుతుంటే, ఆ రెండేళ్ళూ తనిఖీ చేసి సంతకం పెట్టినవాణ్ణి నేను. ఆవిడకు నోటీసు రాలేదు. వస్తే ఆయన పేరున వచ్చి ఉంటుంది. బోనస్ పంచి ఉన్నా అది ఆయన ఖాతాలోనే పడి ఉండేది.

విచారణ తర్వాత ఆ తీర్మానం చెల్లదని తేలింది. సక్రమంగా నోటీసు ఇచ్చి మళ్ళీ మహాజన సభ పిలిచారు. 81 మంది సంతకాలు పెట్టి కూర్చున్నారు. రెండు గంటలు వాదించుకున్నారు. సగం బోనస్ పంచాలి, సగం భవనానికి ఉంచాలి అనే ప్రతిపాదనకు 52 మంది చేతులెత్తారు, 29 మంది వద్దన్నారు. ఓడిపోయినవారు కూడా తర్వాత భవనానికి అడ్డు చెప్పలేదు. తమ చెయ్యి లెక్కపెట్టారు కాబట్టి ఆ నిర్ణయం తమది కూడా అయింది. ఆ పెద్దావిడ వాటాధనం కట్టి దరఖాస్తు పెట్టుకుని, ఆ ఏడు చివరకు సభ్యురాలైంది. భర్త ఖాతాలోని బాకీ వారసత్వపు కాగితాలు దాఖలు చేశాక ఆమెకు చేరింది.

గుంపును సభ చేసేవి ఐదు

మీ సంఘం 1964 నాటి సహకార చట్టం కింద ఉన్నా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, తుది అధికారం మహాజన సభదే. పాలకవర్గం, కార్యదర్శి, చివరకు నావంటి ఇన్‌స్పెక్టరు కూడా దాని తర్వాతనే. అటువంటి సభకు ఈ ఐదూ ఉండాలి.

మొదటిది సభ్యత్వం. ఎవరి పేరు రిజిస్టరులో ఉన్నదో వారిదే ఓటు. పాలు పోసే చెయ్యి ఒకటి, పేరు మరొకటి అయితే ఆ సంఘంలో సగం గొంతు మూగబోయినట్టే. చనిపోయినవారి పేర్లు, ఊరు వదిలినవారి పేర్లు ఏటా సరిచూడాలి. పశువును చూసుకునే ఇల్లాలి పేరున సభ్యత్వం ఇవ్వడానికి వెనుకాడకూడదు. ముల్కనూరులో 2002లో ప్రారంభమైన మహిళా సహకార డెయిరీలో సభ్యులూ ఆడవారే, పాలకవర్గమూ ఆడవారే. వారు నడపగలరా అనే సందేహానికి అక్కడ జవాబు దొరుకుతుంది.

రెండవది నోటీసు. తేదీ, వేళ, చోటు, చర్చించే విషయాలు ముందుగా తెలియాలి. ఎన్ని రోజుల ముందు అన్నది మీ బైలాలో ఉంటుంది. పాలు పోసే వేళ నోటిమాటగా చెప్పడం నోటీసు కాదు. ఏ విషయం చర్చకు వస్తుందో తెలియకుండా వచ్చినవాడు గుంపులో ఒకడే గాని సభ్యుడు కాడు.

మూడవది కోరం. ఇంతమంది ఉంటేగాని నిర్ణయం చెల్లదు అనే హద్దు అది. సభ మొదట్లోనే సంతకాలు, వేలిముద్రలు తీసుకుని లెక్క పైకి చదవాలి. పదిమందిలో పాము చావదు అని సామెత. అందరూ ఉన్నారులే అనుకుంటే ఎవరూ ఉండరు. చాలకపోతే సభ వాయిదా వేయడం అవమానం కాదు, లేనివారిని ఉన్నట్టు రాయడమే అవమానం.

నాలుగవది చర్చ, ఓటు. సమ్మతమేనా అని అడిగినప్పుడు, కాదన్నవారు ఎందరు అని కూడా అడగాలి. ఒక సభ్యునికి ఒకే ఓటు. పది గేదెలున్నవారికీ ఒకటే, ఒక్క గేదె ఉన్న ముసలమ్మకూ ఒకటే. ఈ మధ్య కొన్ని సంఘాలు వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టి, బొటనవేలి బొమ్మలు వచ్చాయి గనుక అందరూ ఒప్పుకున్నారు అంటున్నాయి. ఆ బొటనవేలు తీర్మానం కింద పెట్టే వేలిముద్ర కాదు. కబురు అందించడానికి గ్రూపు మంచిదే, నిర్ణయానికి చాలదు.

ఐదవది మినిట్స్. సభ ముగిసేలోపే తీర్మానం పాఠం రాసి, పైకి చదివి వినిపించాలి. అనుకూలం ఎందరు, వ్యతిరేకం ఎందరు అంకెలు వేయాలి. పాల శాంపిల్ ఆ పూటే చూస్తాము గాని మర్నాడు గుర్తుచేసుకుని వెన్న శాతం రాయము కదా. తీర్మానానికీ అదే నియమం.

మహాజన సభను ఫొటో తీసేవారికి

సంఘాలలో కుర్రవాళ్ళు ఉత్సాహంగా ఫొటోలు తీస్తున్నారు, సంతోషం. నా తప్పు వారు చేయకుండా నాలుగు మాటలు.

వేదిక మీది పెద్దలనే తీయవద్దు. వేదిక వైపు నుండి సభ్యులను తీయండి, ముఖాలు కనిపించాలి. అరుగో నిచ్చెనో ఎక్కి కొంచెం ఎత్తు నుండి తీస్తే వెనుక వరుసలు కూడా పడతాయి. ఒక్క బొమ్మలో అందరూ పట్టకపోతే ఎడమ నుండి కుడికి రెండు మూడు ముక్కలుగా తీయండి.

తేదీ, సంఘం పేరు రాసిన పలకను బొమ్మలో పడేటట్టు పెట్టండి. ఓటు వేసే సమయంలో, చేతులు ఎత్తి ఉన్నప్పుడు ఒకటి, సంతకాలు పెడుతున్నప్పుడు ఒకటి తీయండి. ఆడవారిని వెనుక గోడవారగా నిలబెట్టి ఉంటే, ఫొటో తీసే ముందు వారిని ముందుకు రమ్మనండి. ఫొటో కోసం కాదు, సభ కోసం. అలా ముందుకు వచ్చి కూర్చున్నవారు వెనక్కి పోరు.

అన్నిటికంటే ముఖ్యం, వెనుక రాసేది. మీరు చూసినదే రాయండి. "పంచాయతీ ఆఫీసు ముందు జనం" అని రాస్తే చాలు. సభ అని రాయాలంటే రిజిస్టరు చూసి రాయండి. ఫొటో మినిట్స్ పుస్తకానికి తోడుగా ఉండవచ్చు గాని దానికి బదులు కాలేదు.

2012 తర్వాత 2025ను కూడా ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించింది. అటువంటి సందర్భాలలో సంఘాలు ఫొటోలు అడుగుతాయి, మేమూ పంపుతాము. పంపేముందు సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ సంఘం సభ్యుల రిజిస్టరు ఒకసారి అడిగి చూడండి. ఉదయం, సాయంత్రం కేంద్రానికి పాలు తెచ్చేవారి పేర్లు అందులో ఉన్నాయా? లేకపోతే వచ్చే మహాజన సభలోపే దరఖాస్తులు పెట్టించండి.

ఆ రావిచెట్టు ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. వెనుక రాసిన పాత అక్షరాలు కొట్టివేసి, కింద "దాణా మిశ్రమం కోసం చేరిన జనం, సభ కాదు" అని రాశాను. దాని పక్కనే మరుసటి ఏటి ఫొటో ఒకటి పెట్టుకున్నాను. అందులో ఆ పెద్దావిడ మూడవ వరుసలో చెయ్యి ఎత్తి కూర్చుని ఉన్నది. ఆ రోజు మబ్బు పట్టి ఉన్నది, ఎండ లేదు.